ముద్ద మింగడమూ ఒక విద్యే

తెలుగువారి ఇళ్ళలో శిశువుకు జరిపే తొలి వేడుకలలో అన్నప్రాశనం ముఖ్యమైనది. మగపిల్లలకు సరి మాసంలోనూ, ఆడపిల్లలకు బేసి మాసంలోనూ ముహూర్తం పెట్టించి, బంగారు ఉంగరంతో పాయసాన్ని బిడ్డ నాలుకకు తాకిస్తారు. పుస్తకం, కలం, పూలు, నగ, కత్తి ముందు పరచి బిడ్డ దేనిని పట్టుకొంటుందోనని పెద్దలంతా ముచ్చటగా ఎదురుచూస్తారు. ఆ వేడుకలో ఎవరికీ సందేహం కలగని విషయం ఒకటి ఉన్నది. నాలుకపై ఉంచిన పాయసాన్ని బిడ్డ మింగగలదన్నదే అది.

జగదల్‌పూర్‌లోని మా ఇంట మనవరాలి అన్నప్రాశనం ఇరవై ఏడవ నెలలో జరిగింది. "ఆలస్యమైనా బేసి నెలే కదండీ!" అని నా శ్రీమతి తృప్తిపడినది. ఆ ఆలస్యానికి కారణాన్నీ, ఆ రెండేళ్ళలో వైద్యులు మాకు నేర్పినదాన్నీ, మేము చేసిన పొరపాట్లనూ తోటి ఉద్యోగుల కుటుంబాలకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం. శస్త్రచికిత్సతో బిడ్డ బ్రతుకుతుంది. కాని ఆ బిడ్డ నోటితో తినడం వేరే విద్య. అది నెమ్మదిగా, బిడ్డ ఇష్టంతో మాత్రమే అబ్బుతుంది.

నురగ చెప్పిన సంగతి

మా అమ్మాయి తొలి కాన్పుకు ఆచారం ప్రకారం పుట్టింటికి వచ్చింది. 2022 డిసెంబరులో జగదల్‌పూర్‌లోనే ప్రసవం జరిగింది. పాప ఏడ్చింది, రంగు బాగున్నది, అంతా సవ్యమేననుకొన్నాము. అయితే పాప నోటి నుండి తెల్లని నురగ ఆగకుండా వస్తున్నది. తుడిచిన కొద్దీ మళ్ళీ వస్తున్నది. పాలు పట్టబోతుండగా అక్కడి నర్సు గమనించి వారించి, ముక్కు గుండా సన్నని గొట్టం వేయించింది. ఆ గొట్టం కొంతదూరం పోయి ఆగిపోయింది. ఎక్స్‌రేలో దాని కొన ఛాతీ పైభాగంలోనే కనిపించింది.

గొంతు నుండి జీర్ణాశయం వరకు ఉండవలసిన అన్నవాహిక కొందరు శిశువులలో మధ్యలో తెగిపోయి ఉంటుంది. సుమారు మూడు నాలుగు వేల జననాలలో ఒకరికి ఈ లోపం ఉంటుందని వైద్యులు చెప్పారు. ఎక్కువమందిలో పైభాగం మూసుకొనిపోయి, క్రింది భాగం శ్వాసనాళానికి అతుక్కొని ఉంటుంది. అటువంటి బిడ్డకు పాలు పడితే అవి ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. నోట నురగ రావడం, పాలు పట్టగానే దగ్గు రావడం, శరీరం నీలబడడం ఈ లోపానికి గుర్తులు. వెంటనే పాలు ఆపి, తలవైపు కొంచెం ఎత్తుగా ఉంచి, నోటిలోని ఉమ్మిని ఎప్పటికప్పుడు పీల్చి తీస్తూ, శిశు శస్త్రచికిత్స నిపుణులున్న చోటికి చేర్చాలి.

కొరాపుట్, సాలూరు ఘాట్ల మీదుగా అంబులెన్సులో విశాఖపట్నం చేరేసరికి ఒక పగలంతా పట్టింది. అల్లుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నందున ఏర్పాట్లు ముందుగానే చేసి ఉంచాడు.

ఒకప్పుడు ఈ లోపంతో పుట్టిన శిశువులు బ్రతికేవారు కారు. 1941లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కామెరాన్ హేట్ అనే శస్త్రవైద్యుడు రెండు కొనలనూ ఒకే శస్త్రచికిత్సలో కలిపి శిశువును బ్రతికించగలిగాడు. ఈనాడు చాలామంది శిశువులకు మొదటి కొద్ది రోజులలోనే ఆ విధంగా చేయగలుగుతున్నారు. మా పాపకు రెండు కొనల మధ్య దూరం ఎక్కువ. వాటిని కలపడానికి వీలు కాలేదు. కనుక వైద్యులు పై కొనను మెడ ప్రక్కన చిన్న రంధ్రంగా బయటికి తెరిచారు. మింగిన ఉమ్మి అక్కడి నుండి బయటికి వచ్చేస్తుంది. పాల కోసం పొట్టమీద మరొక రంధ్రం చేసి, జీర్ణాశయంలోకి నేరుగా ట్యూబు అమర్చారు. ఏడాది నిండిన తరువాత పెద్దప్రేగులోని కొంత భాగాన్ని దాని రక్తనాళాలతో సహా పైకి తెచ్చి, కొత్త అన్నవాహికగా అమర్చుతామని చెప్పారు.

నోటికి రాని ఆహారం

పాపను జగదల్‌పూర్ తీసుకొని వచ్చాము. మూడు గంటలకొకసారి సిరంజితో ట్యూబులోకి పాలు పోయడం ఇంటిల్లిపాదికీ అలవాటైనది. కొలతలు వ్రాసే బాధ్యత నాది. ఎన్ని మిల్లీలీటర్లు పోశాము, బరువు ఎంత పెరిగింది అన్నవి ఒక లెడ్జరులో వ్రాసేవాడిని. బరువు రేఖ చక్కగా పైకి పోతున్నది. అంతకంటే కావలసినది ఏమున్నదని నా భావన.

అయితే విశాఖపట్నం నుండి బయలుదేరేటప్పుడు వైద్యులు మరొక సూచన కూడా చేశారు. ట్యూబులో పాలు పోసే ప్రతిసారీ నోటిలో కూడా కొన్ని చుక్కల పాలు వేయమన్నారు. ఆ పాలు మెడమీది రంధ్రం నుండి బయటికి వచ్చేస్తాయి, పొట్టకు చేరవు. అయినా పాప చప్పరించడం, మింగడం మరచిపోకుండా ఉంటుంది. నోటిలో రుచి, పొట్టలో నిండుదనం రెండూ ఒకే సమయంలో తెలిస్తే, వాటికి సంబంధం ఉన్నదని బిడ్డ గ్రహిస్తుంది.

ఈ సూచన వెనుక పెద్ద శాస్త్రమే ఉన్నదని తరువాత చదివి తెలుసుకొన్నాను. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల అన్నవాహికను మెడ వద్ద బయటికి తెరిచి పరిశోధనలు చేశాడు. అవి నమిలి మింగిన మాంసం జీర్ణాశయానికి చేరకుండా మెడ నుండి క్రింద పడిపోయేది. అయినా ఖాళీగా ఉన్న జీర్ణాశయంలో జఠరరసం ధారగా ఊరేది. జీర్ణక్రియ నోటి నుండే, రుచి నుండే మొదలవుతుందని దీనివలన తేలింది. జీర్ణక్రియపై చేసిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమానం లభించింది.

ఇంతటి సూచనను మేము పాటించినది ఇరవై రోజులు మాత్రమే. పాలు నోటిలో వేయగానే మెడ నుండి కారి బట్టలు తడిసేవి. రంధ్రం చుట్టూ చర్మం ఎర్రబడేది. చూడవచ్చిన బంధువులు కన్నీళ్ళు పెట్టుకొనేవారు. "ఎలాగూ బయటికి పోయే పాలే కదా, పాపను ఎందుకు బాధపెట్టడం?" అని నేనే మాన్పించాను. అమ్మాయి ఒకటి రెండుసార్లు, "డాక్టరుగారు వేయమన్నారు కదా నాన్నా" అన్నది. నేను లెడ్జరు చూపించాను. బరువు బాగున్నది కదా!

దారి సిద్ధమైనది, నడక రాలేదు

2024 ఫిబ్రవరిలో, పాప పదునాలుగవ నెలలో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. కొన్నాళ్ళ తరువాత రంగుమందు త్రాగించి ఎక్స్‌రే తీసి, కొత్త మార్గంలో ఎక్కడా కారడం లేదని నిర్ధారించారు. మా వృత్తిలో గొట్టపు మార్గం వేసిన తరువాత నీటి ఒత్తిడితో పరీక్షిస్తాము. లీకు లేకపోతే అప్పగింత పత్రంపై సంతకాలు అవుతాయి. నాకు ఆ ఎక్స్‌రే ఫిల్ము అప్పగింత పత్రంలాగానే కనిపించింది. జగదల్‌పూర్ వచ్చిన మర్నాడే నా శ్రీమతి మెత్తని పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, వేలితో పాప నోటిలో పెట్టింది.

పాప మింగలేదు. ఆ ముద్ద నాలుక మీద ఉన్నంతసేపూ కదలకుండా, భయపడిన కళ్ళతో చూసింది. తరువాత ఓకరించి, ఊపిరి పట్టి ఏడ్చింది. ముద్ద బయటికి వచ్చేసింది.

మింగడమనేది ఎంత క్లిష్టమైన పనో అంతవరకు నేనెన్నడూ ఆలోచించలేదు. నోరు, గొంతులలోని సుమారు ముప్ఫై జతల కండరాలు వరుస తప్పకుండా పనిచేయాలి. మెదడు నుండి వచ్చే అయిదు జతల నాడులు వాటిని నడిపించాలి. ముద్ద గొంతు దాటే ఒక్క క్షణం పాటు శ్వాసమార్గం మూసుకొని, వెంటనే తెరుచుకోవాలి. తల్లి గర్భంలో మూడు నాలుగు నెలల పిండం కూడా ఉమ్మనీటిని మింగుతూ సాధన చేస్తుంది. పుట్టిన శిశువుకు పాలు చప్పరించడం సహజ ప్రతిచర్య. నాలుగు నుండి ఆరు మాసాల మధ్య ఆ ప్రతిచర్య సన్నగిల్లి, తినడం నేర్చుకొని చేసే పనిగా మారుతుంది. అప్పటికి సాధన లేకపోతే ఆ మార్పు జరగవలసిన విధంగా జరగదు.

1964లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన శిశువైద్యుడు ఇల్లింగ్‌వర్త్, తన సహచరుడు లిస్టర్‌తో కలిసి ఈ విషయమై ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. ఆరేడు మాసాల వయస్సులో బిడ్డ నమలడానికి సిద్ధమవుతుంది. ఆ సమయంలో గట్టి ఆహారం పరిచయం కాకపోతే, తరువాత అలవాటు చేయడం చాలా కష్టమని అందులో వివరించారు. ఆ కాలమంతా మా పాపకు నోటి ద్వారా అందినది ఏమీ లేదు. పైగా నోటి వద్దకు వచ్చినవన్నీ బాధపెట్టినవే. ఉమ్మి పీల్చే గొట్టాలు, మందులు, మత్తు ఇచ్చే మాస్కు. నోటి దగ్గరకు ఏది వచ్చినా ప్రమాదమేనని పాప నేర్చుకొన్నది. యంత్రం సిద్ధమైనంత మాత్రాన దానిని నడిపే మనిషి సిద్ధమైనట్లు కాదన్న సంగతి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరికో చెప్పిన నాకు, ఇంటిలో అది తోచలేదు.

నా తప్పు

తెలుగువారి ప్రేమకు కొలమానం ముద్దలే. "ఇంకొక్క ముద్ద" అని బ్రతిమాలని తల్లి ఉండదు. చందమామను చూపించి ఒక ముద్ద, కాకిని చూపించి ఒక ముద్ద పెడతారు. ఆకలి ఉండి, మింగడం వచ్చిన బిడ్డకు అది ముద్దుముచ్చటే. మా పాప విషయంలో అది హింసయైనది.

పది రోజులు చూసి నాకు ఓపిక నశించింది. ఒకనాటి సాయంత్రం పాపను ఒడిలో బిగించి, చేతులు పట్టుకొని, చెంచాతో జావ నోటిలో పోశాను. రెండు చెంచాలు లోపలికి పోయాయి. గెలిచానని సంతోషించాను. మూడవ చెంచాకు పాపకు పొలమారింది. ముఖం కందిపోయి, దగ్గి, మొత్తం కక్కివేసింది. మర్నాటి నుండి గిన్నె చూసినా, చెంచా చప్పుడు విన్నా ముఖం త్రిప్పుకొనేది. నన్ను చూస్తే రెండు చేతులతో నోరు మూసుకొనేది. అంతకుముందు నేను ఆఫీసు నుండి రాగానే పరుగెత్తుకొని వచ్చే పిల్ల.

విశాఖపట్నంలో వైద్యులు మమ్మల్ని ఒక స్పీచ్ థెరపిస్టు వద్దకు పంపారు. మాటలు నేర్పేవారికి మింగడంతో ఏమి పని అని నాకు సందేహం కలిగింది. మాటకూ, ముద్దకూ పనిచేసే పెదవులు, నాలుక, గొంతు ఒకటే కనుక మింగడంలోని ఇబ్బందులను చక్కదిద్దడం కూడా వారి వృత్తిలో భాగమేనని అప్పుడు తెలిసింది. ఆమె చాలా చిన్న వయస్సు అమ్మాయి. నేను చెప్పినదంతా విని, "తాతగారూ, పాపకు ఎంత పెట్టాలో మీరు లెక్క చూసుకోండి. తినాలా వద్దా అనేది మాత్రం పాపకు వదిలివేయండి" అన్నది. తినిపించే ప్రయత్నం నెల రోజులపాటు పూర్తిగా మానివేయమన్నది. పోషణ ట్యూబు చూసుకొంటుంది గనుక తొందర లేదన్నది.

నెల రోజులపాటు మేము చేసినవి ఇవి. ఇంటివారందరం భోజనానికి కూర్చున్నప్పుడు పాపకూ పీట వేసి, ఖాళీ పళ్ళెం పెట్టేవాళ్ళము. ట్యూబులో పాలు పోయడం కూడా అదే సమయానికి, మా అమ్మాయి ఒడిలోనే జరిగేది. పెరుగు, అరటిపండు గుజ్జు పళ్ళెంలో వేస్తే పాప వాటిని చేతులతో పులుముకొనేది. ఎవరూ తినమని అనకూడదు. తినలేదని ముఖం చిన్నబుచ్చుకోకూడదు. నాకు అన్నింటికంటే కష్టమైనది ఈ చివరి నియమమే.

ఒడి ప్రస్తావన వచ్చినది గనుక ఒక ఉదంతం చెప్పాలి. 1950వ దశకంలో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఇదే లోపంతో పుట్టి, పొట్టమీది ట్యూబుతో పెరిగిన ఒక బాలికను జార్జ్ ఎంగెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మూడు దశాబ్దాలపాటు పరిశీలించారు. ఆమెను వైద్య గ్రంథాలలో మోనికా అని వ్యవహరిస్తారు. శైశవంలో ఆమెను గుండెలకు హత్తుకొని కాక, వెల్లకిల పడుకోబెట్టి పాలు పోసేవారు. పెద్దదై తల్లి అయినప్పుడు ఆమె తన బిడ్డలకు కూడా దగ్గరకు తీసుకొనకుండా, ఒడిలో వెల్లకిల పడుకోబెట్టే పాలు పట్టిందట. ఆహారంతోపాటు అందవలసిన స్పర్శ అందకపోతే దాని ముద్ర ఎంతకాలం నిలుస్తుందో దీనిని బట్టి తెలుస్తున్నది. ట్యూబుతో అయినా సరే, ఒడిలోనే పెట్టాలి.

మండియా పేజ్

మా ఇంట పనికి వచ్చే స్త్రీ హల్బీ మాట్లాడుతుంది. మధ్యాహ్నం పని ముగిసిన తరువాత పెరటి అరుగుమీద కూర్చుని, ఇంటి నుండి తెచ్చుకొన్న మండియా పేజ్ త్రాగుతుంది. మండియా అంటే రాగులు, అంటే మా విజయనగరం వైపు చోళ్ళు. పిండిని ముందురోజు నానబెట్టి, కొద్దిపాటి నూకలతో కాచి, చల్లార్చి త్రాగే ఈ పేజ్ బస్తరు ప్రజలకు వేసవిలో ప్రాణాధారం. పొలాలకు పోయేవారు దీనిని ఎండిన సొరకాయ బుర్రలో నింపి తీసుకొనిపోతారు. మన చోడి అంబలికి ఇది తోబుట్టువే.

ఏప్రిల్ నెల చివర ఒకనాడు పాప ఆమె ప్రక్కన చేరి గిన్నెలో వేలు ముంచింది. ఆమెకు మా నియమాలేవీ తెలియవు. తినమనలేదు, వద్దనలేదు. తన మానాన తాను త్రాగుతున్నది. పాప వేలు నోటిలో పెట్టుకొన్నది. మళ్ళీ ముంచింది. కిటికీలో నుండి చూస్తున్న నా శ్రీమతి నన్ను కదలవద్దని సైగ చేసింది. నాలుగవసారి పాప గొంతు కదలడం ఇద్దరమూ చూశాము.

ఈ సంగతి ఫోనులో చెబితే థెరపిస్టు ఆశ్చర్యపడలేదు. పలుచని నీరు గొంతులో వేగంగా జారిపోతుంది. సాధన లేని పిల్లలకు దానిని అదుపు చేయడం కష్టం. ముద్దకు నమలడం రావాలి. కొంచెం చిక్కగా, ఉండలు లేకుండా నెమ్మదిగా జారే జావ వారికి అనువైనదని ఆమె వివరించింది. అయితే వడగట్టి, శుభ్రంగా కాచి, కూర్చోబెట్టి మాత్రమే ఇవ్వమన్నది. ప్రేగుతో చేసిన అన్నవాహిక అసలుదానివలె ఆహారాన్ని క్రిందికి నెట్టలేదు. చాలావరకు బరువు వల్లనే ఆహారం క్రిందికి దిగుతుంది. అందువలన తినేటప్పుడూ, తిన్న తరువాత కొంతసేపూ నిటారుగా ఉండడం తప్పనిసరి.

ఆనాటి నుండి లెడ్జరులో మరొక గడి చేర్చాను. "నోటితో". మొదటి వారం అందులో వ్రాసినది రోజుకు పది మిల్లీలీటర్లు. నెలకు నలభై. వైద్యుల సలహాతో ట్యూబు పాలను కొద్దికొద్దిగా తగ్గించాము. పొట్ట ఎప్పుడూ నిండుగా ఉంటే ఆకలి అంటే ఏమిటో బిడ్డకు తెలియదు. ఆ నెలలలో బరువు రేఖ పెరగలేదు. అది చూసి నిద్రపట్టని రాత్రులున్నాయి. అయినా ఈసారి లెడ్జరు చూపించి ఎవరినీ నోరు మూయించలేదు.

ఆగస్టులో మరొక అడ్డంకి వచ్చింది. బాగా త్రాగుతున్న పాప రెండు రోజులలో జావ కూడా మింగలేక, ఉమ్మిని సైతం బయటికి వదలసాగింది. కొత్త అతుకు వద్ద మార్గం సన్నబడినది. ఇటువంటి శస్త్రచికిత్సల తరువాత ఇది తరచుగా జరిగేదేనని చెప్పి, వైద్యులు మత్తు ఇచ్చి మార్గాన్ని వెడల్పు చేశారు. మూడు పర్యాయాలు విశాఖపట్నం పోవలసివచ్చింది. ప్రతిసారీ పాప కొన్నాళ్ళు మళ్ళీ నోరు మూసుకొనేది. మళ్ళీ ఖాళీ పళ్ళెంతో మొదలుపెట్టేవాళ్ళము. ఇంటిలో మేము మొండితనమనుకొన్నది నిజంగా మార్గంలోని ఇరుకు కావచ్చునన్నది కూడా అప్పుడే నేర్చుకొన్నాము.

2025 మార్చిలో అన్నప్రాశనం జరిపించాము. ఉంగరంతో పాయసం అందించబోతే పాప నా చేతిని ప్రక్కకు నెట్టివేసింది. ఈనాటికీ ఇతరుల చేతి నుండి ముద్ద తీసుకోదు. గిన్నె తన ముందుకు లాక్కొని, చెంచాతో తానే తీసుకొని, నిదానంగా మింగింది. పురోహితులవారు మంత్రం ఆపి చూస్తూ ఉండిపోయారు. అటుపైన అయిదు నెలలకు పొట్టమీది ట్యూబు తీసివేశారు.

తోటివారికి నాలుగు మాటలు

అప్పుడే పుట్టిన బిడ్డ నోటి నుండి ఆగకుండా నురగ వస్తుంటే పాలు పట్టకుండా వెంటనే వైద్యునికి చూపించండి. ఏ కారణంచేతనైనా బిడ్డకు ట్యూబుతో ఆహారం ఇవ్వవలసివస్తే, నోటికి రుచి చూపించవచ్చునా అని వైద్యుని మొదటి రోజే అడగండి. అనుమతిస్తే మధ్యలో మానకండి. శస్త్రచికిత్సకు ముందే మింగడం నేర్పే నిపుణులను కలవండి. మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వంటివి ఇటువంటి నిపుణులను తయారుచేస్తున్నాయి. 2013లో ప్రారంభమైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం క్రింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో కూడా విచారించవచ్చును. తింటున్న బిడ్డ హఠాత్తుగా మానివేస్తే గదమాయించకుండా పరీక్ష చేయించండి.

ఇక తాతలకు ప్రత్యేకంగా ఒక మాట. ఆ సాయంత్రం బలవంతంగా పోసిన రెండు చెంచాల జావ నా లెడ్జరులో పది మిల్లీలీటర్లుగా నమోదై ఉన్నది. పాప మళ్ళీ నా ప్రక్కన కూర్చుని భోజనం చేయడానికి ఏడు నెలలు పట్టింది.